నడిమింట్లో నడుము లోతు

మా ఆయన ఉమాశంకర్‌కి నీళ్ళ పిచ్చి. మదనపల్లెలో మాకు గిన్నెల అంగడి ఉంది. ఆ వెనక అద్దె ఇంట్లో ట్యాంకర్ కోసం బిందెలు వరసబెట్టి, పక్కింటివాళ్ళతో పోట్లాడి, అవి చాలక మళ్ళీ క్యాన్లు కొని ఏళ్ళు గడిపిన మనిషికి ఆ పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు. మా వైపు బోరు ఎంత లోతు దింపినా పైకి వచ్చేది దుమ్మే. అలాంటిది, పుంగనూరు శివార్లలో అమ్మకానికి వచ్చిన ఇంటి పెరటి బావిలో, నడి వేసవిలో, వంగి చెయ్యి పెడితే నీళ్ళు అందాయి. ఆయన దోసిట్లో పట్టి ముఖం మీద చల్లుకున్నాడు. గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. ఇల్లు మనదైపోయిందన్నట్టు నవ్వాడు.

నాకు మాత్రం ఆ నీళ్ళు చూడగానే అనుమానం వచ్చింది. చుట్టుపక్కల బావులన్నీ ఎండి పగుళ్ళిచ్చి ఉంటే ఈ ఒక్కదాంట్లో నీళ్ళెందుకున్నాయని అడిగాను.

"దేవుడు ఇస్తాంటే యాల ఇస్తాండావని అడిగేది లోకంలో నువ్వొక్కదానివే ఉషా" అన్నాడు. ఆయన పట్టిన కుందేలికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

అందుకే అడ్వాన్సు ఇచ్చే శుక్రవారం నాడు మా తమ్ముడు భానుప్రకాశ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడు ఇన్సూరెన్సు ఏజెంటు. లోనుకి ఇంటి పాలసీ కావాలని బ్యాంకువాళ్ళు అడిగారు, అదీ నిజమే. కానీ మా మూడేళ్ళ జాహ్నవి పెరగాల్సిన ఇల్లు అది. అది మంచి ఇల్లో కాదో వాడి నోటి నుంచి వినాలన్నది నా ఆరాటం. నా మాటకైతే మా ఇంట్లో విలువ లేదు, బామ్మర్ది మాటకు కాస్త ఉంది.

ఇల్లమ్మే కృష్ణప్ప ముసలాయన. కుప్పంలో కొడుకు దగ్గర ఉంటాడు. ఈ ఇల్లు చాలాకాలంగా తాళం వేసే ఉంది. మేము వెళ్ళేసరికి ఆయన ముందు తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. "ఈడ సల్లగా ఉండాదిలేప్పా" అన్నాడు. అప్పటికే తిన్నె మీద ఎండ పడుతోంది.

భాను ఇల్లంతా తిరిగాడు. ముందు తలుపు, వెనక తలుపు ఒకే వరసలో ఉన్నాయి. వాకిట్లో నిలబడి చూస్తే నడిమిల్లు దాటి, పెరడు దాటి, అవతల పొలాలు కనిపిస్తాయి. వాడు పెరట్లోకి, మళ్ళీ వీధిలోకి వెళ్ళి చూసి వచ్చాడు.

"బావా, ఆ పక్కా ఈ పక్కా ఇండ్లు కట్టుకున్నోళ్ళు, నడిమధ్యన ఈ నేల పట్టీ మాత్రం యాల వదిలిపెట్టినారు? పైనుంచి కిందిదాకా ఒక్క గోడ లేదు. ఈ ఇల్లొక్కటే అడ్డం ఉండాది."

"గాలికి" అన్నాడు మా ఆయన.

భాను నవ్వలేదు. ఉత్తరాన కంపచెట్లు మొలిచిన పొడుగాటి గట్టు కనిపిస్తోంది. అది చెరువు కట్ట. ఆ చెరువులో ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుకుంటారట. వాడు కట్టను చూసి, తిన్నె దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"పెద్దాయనా, ఈ ఇంట్లోకి ఎప్పుడన్నా నీళ్ళు వచ్చినాయా? నష్టమేమన్నా జరిగిందా?"

కృష్ణప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చెరువు నిండి ఎన్నేండ్లయిందప్పా. యాడి నీళ్ళు. పోయిందేమీ లేదు" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

"కుప్పం పక్కనుంచి ఏనుగులన్నా దిగుతాయేమో గానీ పుంగనూరికి వరద యాడ వస్తాదిరా!" మా ఆయన భాను వీపు మీద చరిచాడు.

"అట్లనుకోవద్దు బావా. సముద్రం ఒడ్డున ఇల్లు కొనేవాడు అలని సూసి భయపడతాడు, అన్నీ అడిగి తెలుసుకుంటాడు. మనకి అల కనపడదు గదా, మనమే ఇంకా ఎక్కువ అడగాల. వరదకి పాలసీ నేను రాస్తా. కానీ నీళ్ళు పారే దోవలో ఇల్లుందని తెలిసీ దాచిపెడితే, రేపు నష్టపోయినప్పుడు కంపెనీవాళ్ళు ఒక్క రూపాయి ఇయ్యరు. ఇచ్చినా అది గోడలకే."

"పాలసీ అమ్మేవాడివి నువ్వే భయపెడితే ఎట్లరా?" అని మా ఆయన నవ్వుతూనే అన్నాడు, కానీ మాటలో విసుగు తెలిసింది. అడ్వాన్సు తీయడానికి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడే కృష్ణప్ప లేచి నిలబడ్డాడు. "ఈపొద్దా?" అన్నాడు తనలో తానే.

కట్ట వైపు నుంచి ఆడవాళ్ళు వస్తున్నారు. పసుపు రాసిన కలశం, వేపమండలు, వరసగా ఒకరి వెనక ఒకరు. డప్పు లేదు, పాట లేదు.

"మా ఊరోళ్ళే. పై చెరువు గంగమ్మని కింది చెరువుకి సాగనంపే మొక్కు" అన్నాడు కృష్ణప్ప. "ఎండల్లో ఒక పొద్దు అనుకొని వస్తారు. ఈ పొద్దని నాకు తెలీదు. తాళంచెవి ఒకటి వాళ్ళ కాడే ఉండాది, ఇంట్లోంచే పోతారు. తలుపులు రెండూ తీసిపెట్టండమ్మా."

మా ఆయన మురిసిపోయాడు. అడ్వాన్సు ఇచ్చే వేళకి పేరంటాళ్ళు గడప తొక్కితే అంతకన్నా శుభం ఏముందని తానే వెళ్ళి వెనక తలుపు తీశాడు.

గేటు దగ్గర వాళ్ళు చీరలు చీలమండల పైకి ఎత్తి పట్టుకున్నారు. దుమ్ముకనుకున్నాను. మెట్ల దగ్గర మోకాళ్ళ దాకా ఎత్తారు. అడుగు వేసేముందు కాలివేళ్ళతో నేల తడుముతున్నారు. నాచు మీద జారినట్టు ఒకామె తూలితే పక్కామె మోచెయ్యి పట్టుకుంది. పొట్టిగా ఉన్న ఒక ముసలామె గడప ముందు ఆగిపోయింది.

"నాకు ఈడికే. లోపల నాకు గొంతు లోతు" అని చెప్పి, ఇంటిని చుట్టి పక్కనున్న మిట్ట మీదుగా వెళ్ళిపోయింది.

మిగిలినవాళ్ళు నడిమింట్లోకి వచ్చారు. చీరలు నడుము దగ్గర కుక్కుకున్నారు. కలశం తలమీదకి లేచింది. అందరూ ఒకే పక్కకి ఒరిగి, ఏదో తోస్తుంటే తట్టుకుంటున్నట్టు, పాదం తర్వాత పాదం ఈడ్చుకుంటూ నడిచారు. పొడి నేల మీద. బండలు కాలిపోయే వేసవిలో. నాకు చచ్చేంత భయం వేసింది. నా కుచ్చిళ్ళు నేనూ పైకి పట్టుకుని నిలబడ్డానని కాసేపటికి గాని తెలియలేదు.

మా వెంట వచ్చిన జాహ్నవి నడిమింట్లో ఒక మూల కూర్చుని, అంగడి నుంచి తెచ్చుకున్న గిన్నె మూతలతో ఆడుకుంటోంది.

అందరికంటే వెనక వచ్చినామె చేతుల్లో ఏమీ లేదు. ఎముకల గూడులా ఉంది. ఆమె వరసలో నడవలేదు. రెండు చేతులతో ముందున్న దాన్ని పక్కలకి చీల్చుకుంటూ, రొప్పుతూ, తిన్నగా ఆ మూలకి వచ్చింది. ఆమె చూపు నేల మీదే ఉంది, కానీ పిల్లని చూస్తున్నట్టు లేదు. వంగి రెండు చేతులూ కిందికి పెట్టింది. జాహ్నవిని పైకి లేపి, ముని వేళ్ళ మీద నిలబడి, అటక మీద కూర్చోబెట్టింది.

నేను కేక పెట్టాను. మిగతావాళ్ళు వెనక తలుపులోంచి దిగిపోయారు. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆమె మాత్రం అక్కడే నిలబడి తన అరచేతులు చూసుకుంటోంది.

"ఏంది పెద్దమ్మా ఇది, బుద్ధుందా? పిల్ల కింద పడితే?" మా ఆయన అరిచాడు.

"ఆమెని ఏమీ అనొద్దప్పా." కృష్ణప్ప గడప అవతలే నిలబడి లోపలికి చూస్తున్నాడు. "మా అక్క కాంతమ్మ. పోయిందేమీ లేదంటిని గదా, అబద్ధం చెప్తిని. నాకొక కూతురుండె. ఆ మూలనే ఉయ్యాల. చెరువు తెగను గూడా లేదు, నిండి మొరవ మీంద నీళ్ళు పొర్లినాయి, అంతే. అప్పుడు మా అక్క బయట బట్టలు ఆరేస్తాండె. ఈ గడపలోంచే ఈదుకుంటా వచ్చింది..."

ఆయన తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "అప్పటినుంచి ఈ మొక్కులో ఆమె ఆ మూల కాడ వంగుతాది. ఉత్త చేతులు అటక మీద పెట్టి పోతాది. ఎవురం ఏమీ అనం."

ముసలాయన అంత పెద్ద అబద్ధం ఆడాడని కోపం రావాలి నాకు. రాలేదు. ఏడుపు వచ్చింది.

"బావా, గోడ పడితే కంపెనీ కట్టిస్తాది..." అన్నాడు భాను, ఆ మూల వైపు చూస్తూ.

మా ఆయన స్టూలు వేసుకుని జాహ్నవిని అటక మీద నుంచి దించి భుజానికి ఎత్తుకున్నాడు. పిల్ల ఏడవలేదు. కాంతమ్మ మా దగ్గరికి వచ్చి, వేలాడుతున్న పిల్ల పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇన్నేండ్లూ ఉత్త చేతులే పైకి వస్తాండె తల్లీ" అంది. "ఈపొద్దు బరువు తగిలింది."

ఆమె ముఖంలో ఉన్నది సంతోషం. అది చూడలేక తల తిప్పుకున్నాను.

"ఈ ఇల్లు మాకొద్దు పెద్దాయనా" అన్నాడు మా ఆయన. కృష్ణప్ప తలూపాడు. పిల్లని కిందికి దించి మెట్టు దిగుదామని మా ఆయన వంగేసరికి, కాంతమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"దించొద్దు నాయనా. నీళ్ళింకా తగ్గలేదు."

ఎవరి మాటా వినని మనిషి ఆ మాట విన్నాడు. పిల్లని ఇంకా పైకి, మెడ మీదకి ఎక్కించుకున్నాడు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో, ఆ దుమ్ము వాకిట్లో, కాలితో నేల తడుముకుంటూ నడిచాడు. రోడ్డు ఎక్కేదాకా దించలేదు.