ఐదున్నర శృతి

మా అక్కని రెండేళ్ళ పాటు నేను మోసం చేశాను. ప్రేమతోనే చేశాను లెండి. ప్రేమతో చేసిన మోసానికి శిక్ష తగ్గుతుందేమో అని చాలా కాలం ఆశపడ్డాను కూడా. తప్పు చేసినవాడికి తర్కానికేం లోటు!

ముందు అక్క సంగతి చెప్పాలి. పదహారో ఏట ఆర్కెస్ట్రాలో పాడటం మొదలుపెట్టింది. షాపుల ప్రారంభోత్సవాలు, కంపెనీ వార్షికోత్సవాలు, ఎక్కడ మైకు కట్టినా అక్కడ అక్క ఉండేది. పక్కన కీబోర్డు వాయిస్తూ నేను. ఇరవై రెండో ఏట ఒక పాట రికార్డు చేసింది. కిటికీ మూసేసిన ఇంటి ముందు నిలబడి ఒకమ్మాయి పాడుకునే పాట. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ కిటికీ పాట అనేవాళ్ళు. రేడియోలో పొద్దునా సాయంత్రం అదే. చివరి చరణంలో గొంతు ఒక్కసారిగా పైకి లేచి, అక్కడే నిలబడి, ఊపిరి తీసుకోకుండా కిందికి దిగుతుంది. ఆ పైమెట్టు కోసమే జనం పాటంతా వినేవాళ్ళు.

ఆ తర్వాత అలాంటి పాట మళ్ళీ రాలేదు. కొత్త గొంతులు వచ్చాయి. అక్క ఏడుస్తూ కూర్చునే రకం కాదు కాబట్టి సంగీత నాటకాల్లోకి వెళ్ళింది. పాడుతూ నటించాలి, నటిస్తూ గెంతాలి, గెంతుతూ శృతి తప్పకూడదు. ముప్పై నాలుగేళ్ళప్పుడు అడుగులు వేయడం నేర్చుకుంది. మోకాళ్ళు వాచిపోయి ఇంట్లో కుంటుతూ తిరిగేది. బావ వేడినీళ్ళ కాపడం పెడుతూ, "పాటలు పాడే మనిషిని చేసుకున్నాననుకున్నాను, సర్కసు మనిషివని చెప్పలేదే" అని ఏడిపించేవాడు. పడవ నడిపే ఆడమనిషి కథ ఒకటి అక్కకి బాగా కలిసొచ్చింది. వారానికి మూడు ఆటలు, ఆరేళ్ళుగా ఆడుతోంది. జనం అడిగారని నాటకం చివర్లో కిటికీ పాటను కూడా ఇరికించారు. పడవకీ కిటికీకీ ఏం సంబంధమని అడిగినవాడు లేడు.

నాటకం చూసి టీవీవాళ్ళు సీరియల్లోకి తీసుకున్నారు. గయ్యాళి అత్త వేషం. అక్కడొక తిరకాసు ఉంది. అక్క గొంతు గయ్యాళికి సరిపోదని, మరీ మెత్తగా ఉందని, ఇంకెవరి చేతో డబ్బింగ్ చెప్పించారు. తెర మీద అక్క నోరు తెరిస్తే పరాయి గొంతు వచ్చేది. ఒకసారి కూరగాయల షాపులో ఒకావిడ అక్కని గుర్తుపట్టి, మాట్లాడించి, మొహం చిట్లించి, "మీ గొంతు సీరియల్లో ఉన్నట్టు లేదేంటండీ?" అంది. అక్క నవ్వుతూనే ఇంటికొచ్చింది. ఆ రోజు అన్నం తినలేదు. గొంతు మీద బతికిన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది?

ఇక నా ఘనకార్యం. రెండేళ్ళ కింద అక్కకి పెద్ద జలుబు చేసి, తగ్గి, గొంతులో ఒక గరుకు మిగిలింది. డాక్టరు చూసి మందులిచ్చి, రోజూ చేయాల్సిన కసరత్తు చెప్పి, మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. ఆలోపే ఒక ఆటలో కిటికీ పాట పైమెట్టు దగ్గర గొంతు చీలింది. హాలంతా విన్నది. మేకప్ గదిలో అక్క అద్దానికి వీపు పెట్టి కూర్చుని, "ఇంక మానేస్తాన్రా" అంది.

మా కిటికీ పాట ఐదున్నర శృతిలో ఉంటుంది. శృతి అంటే పాటకి నేల లాంటిది. నేల కాస్త దించితే పైమెట్టు కూడా అంతే కిందికి వస్తుంది, చేతికి అందుతుంది. కీబోర్డులో అందుకొక బటన్ ఉంది. వేళ్ళు అవే మెట్ల మీద నడుస్తాయి, వచ్చే నాదం మాత్రం తగ్గుతుంది. మర్నాటి ఆటలో దాన్ని ఒక్కసారి నొక్కి ఐదుకి దించాను. ఒక్క వారమే అనుకున్నాను. ఫ్లూట్ బాబాయి వేరే ఫ్లూట్ తెచ్చుకున్నాడు. వయొలిన్ ఆయన తీగలు సవరించాడు. తబలా ఆయన ఇంకో తబలా తెచ్చాడు. మాటిమాటికీ చేతి గడియారం చూసుకునే మా డైరెక్టరుని అందరం గడియారం అంటాం. ఆయన్ని అడిగితే, "టికెట్ కొన్నవాడికి పాట కావాలయ్యా, శృతి కొలత కాదు. ఆవిడకి చెప్పకు" అన్నాడు.

ఆ రోజు అక్క పైమెట్టు సునాయాసంగా అందుకుంది. తెర పడగానే పరుగెత్తుకొచ్చి నా మెడ పట్టుకుని, "నా గొంతు తిరిగొచ్చిందిరా!" అంది. చిన్నపిల్లలా గెంతింది, ఆ మోకాళ్ళతోనే. ఆ సంతోషం చూసి నా నోరు మూతపడింది. పోయినేడు పైమెట్టు మళ్ళీ వణకడం మొదలైతే ఇంకోసారి బటన్ నొక్కాను. నాలుగున్నర. అక్కకి అనుమానం రాలేదు. తమ్ముడి శృతి మీద అనుమానం ఎందుకొస్తుంది?

నెల కిందట టీవీవాళ్ళు పిలిచారు. ఆదివారం సాయంత్రం ప్రత్యక్ష ప్రసారం. కిటికీ పాట, అక్క సొంత గొంతుతో, వాళ్ళ సొంత బ్యాండుతో. అక్క ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఈ ఒక్కసారి నా గొంతు నాదని అందరూ వినాలిరా. ఆ కూరగాయల షాపు ఆవిడతో సహా" అంది.

నెల రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. ఆదివారం పొద్దున కారులో చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఎండ బాగా ఉంది కదూ" అని మూశాను. స్టూడియోలో మేకప్ గదిలో అక్క ఒక్కతే ఉన్నప్పుడు, రిహార్సల్‌కి ఇంక పది నిమిషాలున్నాయనగా చెప్పాను.

"అక్కా, నువ్వు ఇప్పుడు పాడుతున్నది ఐదున్నర కాదు. నాలుగున్నర. నేనే దించాను."

అక్క అద్దంలోంచి నన్ను చూసింది. నవ్వింది.

"నిన్ను పిలవలేదని కుళ్ళా?"

"అక్కా, ఒట్టు."

"ఒరేయ్, ముప్పై ఏళ్ళుగా పాడుతున్నా. నా గొంతు నాకు తెలియదా? కడుపులో మంటుంటే మజ్జిగ తాగు, ఇలాంటి రోజు ఇలాంటి మాటలా?"

లేచి వెళ్ళిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా వెనకాలే వెళ్ళాను.

అక్కడి బ్యాండు మాస్టారు కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని తిరిగే మర్యాదస్థుడు. "మేడమ్, శృతి ఒరిజినలేనా? తగ్గించమంటే తగ్గిస్తాం, అందులో తప్పేం లేదు" అన్నాడు. పన్నెండు మంది వాద్యగాళ్ళు, ఇద్దరు కెమెరావాళ్ళు వింటున్నారు. అక్క నా వైపు ఒక చూపు విసిరి, "ఒరిజినలే. ఐదున్నర" అంది.

పల్లవి మొదటి పాదంలోనే అక్క మొహం మారింది. నేల ఉందనుకుని అడుగేస్తే తగలని మనిషి మొహం అది. ఆమెకి అర్థమైంది. అయినా ఆపలేదు. మెడనరాలు ఉబ్బుతుండగా రెండు చరణాలు లాక్కొచ్చింది. పైమెట్టు దగ్గర గొంతు చీలింది. చీలి ఊరుకోలేదు, పూర్తిగా ఆగిపోయింది. వాద్యాలు కొంచెం దూరం వెళ్ళి, ఒకటొకటిగా ఆగాయి.

"మైకులో ఏదో తేడా ఉంది" అన్నాడు మాస్టారు. ఎంత మంచివాడో! తర్వాత దగ్గరికొచ్చి నెమ్మదిగా, "మేడమ్, మీ పాత రికార్డు మా దగ్గరుంది. సాయంత్రం అది వేస్తాం, మీరు పెదవులు కలిపితే చాలు. ఇక్కడ చాలామంది చేసేదే" అన్నాడు.

అక్క బయట కారిడార్లోకి నడిచింది, వెనకాలే నేను. విరిగిన కుర్చీలు, పాత సెట్ల తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. ఒక తలుపు పట్టుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. మొదట అర. పోయినేడు ఇంకో అర."

"ఎవరెవరికి తెలుసు?"

"వయొలిన్, తబలా... గడియారానికి."

"బాబాయికి?"

నేను తల దించుకున్నాను.

"బాబాయికి కూడానా! రోజూ నా ఫ్లాస్కులో టీ తాగుతాడే! ఏం పాడావమ్మా అంటాడే!" అక్క గొంతు పెరగలేదు, తగ్గింది. "అంటే నాకు తప్ప అందరికీ తెలుసు. పాడేదానికి తప్ప."

"నువ్వు మానేస్తానన్నావక్కా. నేను తట్టుకోలేకపోయాను."

"డాక్టరు మూడు నెలలకి రమ్మన్నాడు. గొంతు బాగయ్యాక డాక్టరెందుకురా అన్నాను. నీతోనే అన్నాను. గుర్తుందా?"

గుర్తుంది.

"కసరత్తు మానేశాను. పొద్దున సాధన కూడా తగ్గించాను. బాగున్నదాన్ని ఎందుకు అరగదీయాలి అనుకున్నాను. నువ్వు పక్క గదిలో కూర్చుని ఇడియట్‌లా విన్నావు. ఆ రోజే చెప్పుంటే ఏడ్చేదాన్ని. ఏడ్చి, ఆ డాక్టరు దగ్గరికి పోయేదాన్నిరా."

రెండేళ్ళుగా నాకు ఆ సంగతి తట్టనే లేదంటే నమ్ముతారా? నేను ఆమె సంతోషాన్ని కాపాడుతున్నాననుకున్నాను. గొంతును కాపాడుకునే వేళ చేతిలోంచి జారిపోతుంటే పక్కన కూర్చుని బటన్లు నొక్కాను. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అక్క మాత్రం ఏడవలేదు.

లోపలికి వెళ్ళి మాస్టారుతో, "ఆ రికార్డు వద్దండీ. అది ఇరవై రెండేళ్ళ అమ్మాయి పాడింది, ఆవిడ ఇప్పుడు లేదు. నాలుగున్నరలో వాయించండి, నేను పాడతాను" అంది. పన్నెండు మంది ముందూ గట్టిగానే చెప్పింది. వాళ్ళు గొణక్కుండా తీగలు సవరించుకున్నారు.

సాయంత్రం పాడింది. నేను కెమెరాల వెనక, తీగల చుట్టల పక్కన నిలబడి విన్నాను. పైమెట్టు అందుకుంది, కాని మునుపటిలా అక్కడ నిలబడలేదు. తాకి వచ్చేసింది. ప్రోగ్రాం నడిపే అమ్మాయి, "సీరియల్లో వినేది వేరేగా ఉంటుంది మేడమ్, ఇదేనా మీ గొంతు?" అని అడిగింది. "ఇప్పుడు ఉన్నది ఇదేనమ్మా" అంది అక్క. జనం లేచి చప్పట్లు కొట్టారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకున్నాను. మనిషికి ఆశ ఎంత చెడ్డదో చూడండి, ఇంటికి వెళ్ళేలోపు అక్క నాలుగు తిట్లు తిట్టి మామూలైపోతుందని కూడా అనుకున్నాను.

మేకప్ గదిలో అక్క దూదితో మొహం తుడుచుకుంటోంది. ఒక చెంప మీద రంగు పోయి చర్మం కనిపిస్తోంది, ఇంకో చెంప మెరుస్తోంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఎలా పాడాన్రా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా ప్రతి పాట తర్వాతా నన్నే అడుగుతుంది. బావని కూడా అడగదు.

"చాలా బాగా పాడావక్కా." మనస్ఫూర్తిగా అన్నాను. నిజంగానే బాగా పాడింది.

అక్క చెయ్యి ఆగింది.

"పోయిన వారం కూడా ఇదే మొహం పెట్టుకుని ఇదే మాట అన్నావు."

నేను గాభరాపడ్డాను. ఏదో ఒక నిజం ఆమె చేతిలో పెట్టాలనిపించింది. "రెండో చరణంలో ఊపిరి చాలక ఒక మాట మింగేశావు. పైమెట్టు మీద నిలబడలేదు" అన్నాను గబగబా.

అక్క అద్దంలో నన్ను చాలాసేపు చూసింది. కోపం కాదు. కోపమైతే బాగుండేది. దారి అడగడానికి ఆగి, అడగకుండానే ముందుకు వెళ్ళిపోయే మనిషి చూసినట్టు చూసింది.

"నిజంగా మింగానా?" అంది. "లేకపోతే నేను నిన్ను నమ్మాలని ఇప్పుడు ఒక తప్పు వెతికి చెబుతున్నావా?"

"నిజమక్కా."

"ఏమోరా. నాకు తెలియడం లేదు."

దూది పక్కన పెట్టి, తలుపు బయట అటుగా వెళుతున్న మేకప్ అమ్మాయిని పిలిచింది. "అమ్మాయ్, ఇందాక నా పాట విన్నావా? రెండో చరణంలో నేనేమైనా మాట మింగానా?" అని అడిగింది. ఆ అమ్మాయి కంగారుగా, తను ఈ గదిలోనే ఉన్నానని, పాట వినలేదని చెప్పింది. అక్క తల ఊపి, పిన్నులు తీసుకుంటూ, ఇంకెవరైనా విన్నవాళ్ళుంటే పిలుచుకురమ్మంది.