పోయొస్త

ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక యూనివర్సిటీ వ్యాను సౌదీలోని అల్ ఖోబర్ పొలిమేరలోని లేబర్ క్యాంపుకు వస్తుంది. సోషల్ వర్క్ ప్రొఫెసరు డాక్టర్ అబీర్ కార్మికుల బాగోగుల మీద పరిశోధన చేస్తోంది. ఊరికే అడిగి పోయే రకం కాదు, చేతనైన సాయం కూడా చేస్తుంది. ఆమె పక్కన దుబాసీగా కూర్చునేది ప్రొద్దుటూరు హమీదున్నీసా. ప్రొఫెసరు పెట్టిన షరతు ఒక్కటే: మనిషి అన్నది అన్నట్టు చెప్పాలి, సొంత పైత్యం కలపకూడదు. మాటకు మాట అప్పజెప్పడంలో తనను మించినవారు లేరని హమీదున్నీసాకు లోపల కాస్త గర్వం.

ఆ క్యాంపులో కొందరికి నీడ ఉండదు. చాలాకాలం ఇల్లు చూడనివాళ్ల నీడ ఓపిక నశించి ముందుగా ఊరికి వెళ్లిపోతుంది, మనిషి ఇక్కడే పని చేసుకుంటూ ఉంటాడు. అదేం వింత కాదు. పైపులేసే బాలన్న నీడ కూడా రంజాన్‌కు ముందే జగిత్యాల దారి పట్టింది.

"మా అరుగు మీద కూసున్నదట," అని ఆయనే ఒక శుక్రవారం టీ తాగుతూ చెప్పాడు.

నీకేం కావాలని ఆ రోజు డాక్టర్ అబీర్ అడిగింది.

"ఇగ నాతోని కాదు చెల్లె. ఇంటికి పోయొస్త, మేడంకు చెప్పు," అన్నాడు బాలన్న.

"ఇక తన వల్ల కాదట. ఇంటికి వెళ్లి వస్తాడట," అని హమీదున్నీసా అరబీలో అప్పజెప్పింది.

అక్కడ సెలవు ఇప్పించడమంటే రాతిలో నార తీయడమే. డాక్టర్ అబీర్ కంపెనీ మేనేజరు వెంటపడి ఆ నార తీసింది. తర్వాతి శుక్రవారం వీసా కాగితం నవ్వుతూ బాలన్న చేతిలో పెట్టింది. బాలన్న దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది రీఎంట్రీ కాదా? నేను మళ్ల రావాల్నా?"

"నువ్వే కదన్నా పోయొస్తానన్యావు," అంది హమీదున్నీసా.

"పోత అని ఎవరన్న అంటరా చెల్లె? మీ ఇండ్లల్ల అంటరా?"

హమీదున్నీసాకు తెలుసు. అనరు. పొద్దున గడప దాటుతూ తానూ మొగుడు వాజిద్‌తో పోయొస్తా అనే చెప్పి వచ్చింది. తెలుగు నేల మీద పుట్టి, ఆ మాట తెలియనట్టు ఎట్లా చెప్పగలిగింది? అంతలో ఇంకోటి తట్టింది. పోయినేడు ఇదే క్యాంపులోని రామాంజి కూడా అదే మాటన్నాడు. వెళ్లాడు, వచ్చాడు, ఇప్పుడు పైఅంతస్తులో పాత మంచం మీదే ఉన్నాడు. అతన్ని వెనక్కి తెచ్చింది కంపెనీ కాదు, తన నాలుక.

తప్పు తనదేనని డాక్టర్ అబీర్‌తో చెప్పేసింది. ఆమె వెంటనే మేనేజరును వాకిట్లోకి పిలిపించింది. అతను ససేమిరా అన్నాడు. వస్తానన్నది ఈ మనిషే, ఇప్పుడు మాట మార్చితే కుదరదన్నాడు.

అప్పుడే బాలన్న ఫోను మోగింది. ఇంటావిడ సీతాబాయి వీడియోలో కనిపించింది.

"నీ నీడ ఎండొచ్చినా జరుగతలేదు. మనిషెప్పుడొస్తడని సూస్తున్నది," అంటూ ఫోను అరుగు వైపు తిప్పింది. అరుగు మీద బాలన్న నీడ, భుజం మీద తువ్వాలుతో సహా, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

మేనేజరు ఫోను చూశాడు. తర్వాత బాలన్న కాళ్ల దగ్గర చూశాడు. అక్కడ ఉత్త ఎండ.

"సగం మనిషి ముందే వెళ్లిపోయాడు. మిగతా సగాన్ని వెనక్కి పిలిచి నేనేం చేసుకోను?" అని గొణిగాడు. ఆ వారంలోనే, మళ్లీ రానక్కర్లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా ఇచ్చేశాడు.

మరుసటి శుక్రవారం బాలన్న బ్యాగు భుజాన వేసుకుని వ్యాను దగ్గరికి వచ్చాడు.

"పోయొస్త చెల్లె."

"ఏమంటున్నాడు?" అని డాక్టర్ అబీర్ అడిగింది.

"పోతున్నాడు, ఇక రాడు," అంది హమీదున్నీసా.

తలెత్తి చూస్తే పైఅంతస్తు మెట్ల మీద రామాంజి నిలబడి ఉన్నాడు. అతని కాళ్ల దగ్గరా ఉత్త ఎండే. హమీదున్నీసా మెట్లెక్కడం మొదలుపెట్టింది.