పెద్దమ్మ ఎక్కిళ్ళు

ఆసుపత్రి వెనకవైపు మెట్లు దిగితే మందుల స్టోరు పక్కన టైపు గది. ఆరు కంప్యూటర్లు, ఆరు జతల ఇయర్‌ఫోన్లు, బల్లల కింద ఆరు పెడళ్ళు. డాక్టర్లు పై అంతస్తుల్లో కేసు వివరాలు ఫోన్లోకి గబగబా చెప్పేసి తమ దారిన తాము పోతారు. కింద కూర్చున్నవాళ్ళు ఆ మాటల్ని కాలితో వెనక్కీ ముందుకీ తొక్కుకుంటూ, చెవిన పడ్డదాన్ని కేసు షీటుగా కొడతారు. సాయంత్రమయ్యేసరికి ఎవరి చెవులు వాళ్ళవి కావు.

కొట్టిన ప్రతి కాగితమూ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ బల్ల మీదికి వెళ్ళాల్సిందే. పాతికేళ్ళుగా తప్పులు పట్టేది ఆవిడే. మాట తప్పు పడితే ఆవిడకి తుమ్ము వస్తుంది. చుక్కో కామానో తప్పు పడితే ఎక్కిళ్ళు. ఎవరైనా హైపో అన్నచోట హైపర్ కొట్టారా, కాగితం ప్రింటరులోంచి బయటికి రాకముందే అక్కడ ఓ తుమ్ము. "తుమ్ము తమ్ముడై చెబుతుందంటారు, చూసుకోండర్రా" అని ముక్కు తుడుచుకునేది. అందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. వాన వచ్చేముందు కొందరికి మోకాలు లాగదూ, ఇదీ అంతే. ఇంట్లో ఆవిడ భర్త, పెద్దనాన్న మాత్రం కాస్త ఇబ్బంది పడేవాడు. ఆయన దర్జీ. కొలతల పుస్తకంలో తనొక కామా తప్పు పెడితే వంటింట్లో ఈవిడకి ఎక్కిళ్ళొచ్చి కూర మాడిపోతోందని, కామాలే మానేశాడు పాపం.

గదిలో అందరికన్నా కొత్తగా చేరింది టీచరు. పదకొండేళ్ళు బళ్ళో వ్యాకరణం చెప్పి, బడి మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. బడి పోయినా పిలుపు పోలేదు. డాక్టర్లకి వైద్యం వస్తుందేమో గానీ వాక్యం రాదని ఆమె గట్టి నమ్మకం. అందుకే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కొట్టకుండా, కాస్త దువ్వి బొట్టు పెట్టి మరీ కొట్టేది. రోజుకి నాలుగుసార్లైనా పెద్దమ్మకి ఆమె మూలంగా ఎక్కిళ్ళు వచ్చేవి.

"వ్యాకరణం ప్రకారం కామా అక్కడే ఉండాలి పెద్దమ్మా" అనేది టీచరు మొహం ముడుచుకుని.

"ఎక్కిళ్ళు వ్యాకరణానికి రాలేదమ్మాయ్, నాకొచ్చాయి. దిద్దు."

దిద్దేది. ఇంటికెళ్ళి మాత్రం కూర తరుగుతూ అత్తగారి దగ్గర ఉడుక్కునేది. "వాటిని కూడా చదువంటారా అత్తయ్యా, ఎక్కిళ్ళని?" అని. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "నీకు రానివన్నీ చదువు కాదనుకుంటే ఎలాగే" అనేది.

అలా ఉండగా పెద్దమ్మకే కడుపులో నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్ళన్నారు, తీసేయాలన్నారు. ఆపరేషన్ చేసేది ఎక్స్‌ప్రెస్ డాక్టరు. మంచి చెయ్యే గానీ, ఆయన డిక్టేషన్‌కి మధ్యలో స్టేషన్లుండవు. ఎక్కడ బయల్దేరాడో తెలుస్తుంది, ఎక్కడ చేరాడో తెలుస్తుంది, దారిలో ఏ ఊరు ఎక్కడుందో ఊహించుకోవాల్సిందే.

ఆ పొద్దున తొమ్మిదింటికి పెద్దమ్మ కేసు టీచరు చెవిలో పడింది. "బీపీ ఉంది షుగరు లేదు పెన్సిలిన్ అలర్జీ ఆస్తమా లేదు..." టీచరు నవ్వుకుంది. రెండు జబ్బులు చెప్పి 'లేదు' ఏమిటి, 'లేవు' అనాలి గానీ. బళ్ళో అయితే బెంచీ ఎక్కించేది. పోనీలే అని తనే చక్కదిద్దింది: పెన్సిలిన్ అలర్జీ, ఆస్తమా లేవు. పెద్దమ్మ కాగితం కదా అని పైనుంచి కిందికి మూడుసార్లు చదువుకుంది కూడా. ముత్యాల్లా ఉన్నాయి వాక్యాలు. తప్పు పట్టే మనిషి ఆ రోజు బల్ల దగ్గర లేదు కాబట్టి కాగితం తిన్నగా ఆపరేషన్ థియేటరుకి వెళ్ళిపోయింది.

పావుగంటలో ఫోను మోగింది. పైనుంచి నర్సు.

"టీచరుగారూ, మీ పెద్దమ్మకి ఒకటే ఎక్కిళ్ళు. మధ్యమధ్య తుమ్ములు కూడా. ఇలా ఎగిరెగిరి పడుతుంటే మత్తు ఇవ్వనంటున్నారు డాక్టరమ్మ. మీ గదిలో ఎవరిదో ఏదో తప్పు పడింది, కాస్త తొందరగా చూడండి. ఇక్కడ చీము పట్టకుండా ఇచ్చే ఇంజక్షన్ కూడా సూదిలోకి ఎక్కించిపెట్టుకుని నిలబడి ఉన్నాం."

"ఆవిణ్ణే అడక్కపోయారా?"

"నిద్రకి మందిచ్చాం కదండీ. మనిషి మగతలో ఉంది, ఎక్కిళ్ళు మాత్రం మెలకువగానే ఉన్నాయి."

ఆరుగురూ పొద్దుట్నుంచీ కొట్టినవి ముందేసుకున్నారు. ఒకటి మాట తప్పు, ఒకటి గుర్తు తప్పు. రెండూ ఒకేచోట ఉండి ఉండాలి. మిగతా అయిదుగురూ తమవి చూసుకుని తలలూపారు. టీచరు పెద్దమ్మ షీటు తెరిచి మళ్ళీ చదివింది. తప్పు లేదు. ఇంకోసారి చదివింది. వెతికితే మాత్రం ఏముంది, నిక్షేపంలా ఉంది. అప్పుడు చదవడం మానేసి పెడల్ తొక్కి, కళ్ళు మూసుకుని వింది.

'అలర్జీ' తర్వాత ఎక్స్‌ప్రెస్ ఒక్క క్షణం ఆగింది. అగ్గిపుల్ల గీసినంతసేపు. ఆ తర్వాత 'ఆస్తమా లేదు'. లేవు కాదు, లేదు. ఏకవచనం. ఆయన వాక్యం తప్పు కాదు, లేనిది ఆస్తమా ఒక్కటే. పెన్సిలిన్ అలర్జీ ఉంది. పైన సూదిలో ఎక్కించిపెట్టింది, ఆపరేషన్ ముందు అందరికీ ఇచ్చే పెన్సిలిన్ జాతి మందే. అది ఒంట్లోకి వెళ్తే పెద్దమ్మ ఆపరేషన్ బల్ల మీదే పోతుంది.

టీచరు ఇయర్‌ఫోన్లు లాగేసి లేచింది. థియేటరుకి ఫోను చేస్తే ఎంగేజ్. పెన్ను పట్టుకుని మూడంతస్తులు మెట్లెక్కి పరిగెత్తింది. థియేటరు బయట పెద్దనాన్న భార్య కళ్ళజోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆయన్నీ పలకరించలేదు. తలుపు దగ్గర నర్సు చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఆ ఇంజక్షన్ పక్కన పెట్టేయండి. ఆవిడకి పెన్సిలిన్ పడదు."

లోపల్నుంచి తుమ్ము వినిపించింది. 'లేవు' కొట్టేసి 'లేదు' రాసింది. తుమ్ములు ఆగాయి. కామా కొట్టేసి చుక్క పెట్టింది. అప్పుడే మొదలైన ఎక్కిలి ఒకటి సగంలో ఆగిపోయింది.

దిద్దినదానికి డాక్టరు సంతకం ఉండాలి. ఎక్స్‌ప్రెస్ డాక్టరు కాగితం చూసి కనుబొమలు ఎగరేశాడు. "లేవు ఏమిటి? నేను లేదు అన్నాను."

"అన్నారు సార్. నేనే దిద్దాను."

"నన్నా?"

"మిమ్మల్నే సార్."

ఆయన కాగితాన్ని మళ్ళీ పైనుంచి ఒక్కో మాటే చదివాడు. ఆయన అంతసేపు ఆగడం నర్సు ఎన్నడూ చూడలేదు. సంతకం పెట్టి, వేరే మందు ఎక్కించమని చెప్పి లోపలికెళ్ళాడు.

టీచరు బయటికొచ్చి గోడకానుకుని కూలబడింది. ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ ఎక్కిళ్ళకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెద్దనాన్న నర్సు ద్వారా సంగతి విని దగ్గరికొచ్చాడు.

"నువ్వు చేసిన మేలు మర్చిపోలేం తల్లీ."

"మేలేంటి పెద్దనాన్నా, ఆ తప్పు పెట్టిందే నేను."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని, వచ్చి పక్కనే కింద కూర్చున్నాడు. "నేనూ ఎన్నో చొక్కాలు పాడుచేశానమ్మా. ఒక్కసారి కూడా పరిగెత్తుకెళ్ళి తప్పు నాదేనని చెప్పలేదు" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ తలుపు తెరుచుకునేదాకా అక్కడే కూర్చున్నారు.

సాయంత్రం పెద్దమ్మ కళ్ళు తెరిచింది. మంచం పక్కన టీచరు కనబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీదేనా?"

"నాదే పెద్దమ్మా."

"లేవు అని కొట్టి ఉంటావు."

టీచరు తలూపింది. పెద్దమ్మకి నవ్వొచ్చింది, కుట్లు లాగి మూలిగింది. టీచరు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "మీరు దక్కారు పెద్దమ్మా, నాకదే చాలు. రేపట్నించి నన్ను రానివ్వకపోయినా ఫర్వాలేదు" అంది.

"రాకపోతే ఎలా? నేను ఆరువారాలు పనిలోకి రాకూడదట. నా బల్ల దగ్గర నువ్వు కూర్చో. ఆసుపత్రి పెద్దసారుకి నేను కబురు పెడతాను."

"నేనా? ఇంత చేశాక కూడానా?" టీచరు చెంగుతో మొహం తుడుచుకుంది. "అయినా నాకు ఎక్కిళ్ళు రావు కదా పెద్దమ్మా."

"రావు" అంది పెద్దమ్మ కళ్ళు మూసుకుంటూ. "అందుకే రెండోసారి వింటావు."