లెక్క మొదలయ్యే రోజు

అక్కకున్న భయాల్లోకెల్లా పెద్ద భయం ఒకటే: తొమ్మిదో తరగతిలో బడి మానేసిన తన మాట నమ్మి, అంత చదివిన చెల్లెలు ఎక్కడ దెబ్బతింటుందోనని. చంటిపిల్లకి జ్వరం వచ్చినా అంత వణకదు. జ్వరానికి మందుంది. తప్పు సలహాకి మందేముంది?

అందుకే ఇంట్లో కాగితాల ఊసు వస్తే చాలు, పిల్లని చంకనేసుకుని వంటగదిలోకి జారుకునేది. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. తను ఇంట్లోనే మిషను మీద పాంట్లకి అంచులు కుడుతుంది. వీళ్లు ఉంటున్న ఈ పరాయి దేశానికి చదువుకోవడానికి వచ్చిన చెల్లెలు రెండేళ్లుగా వీళ్ల దగ్గరే ఉండి, నీటిని శుద్ధి చేసే ఇంజనీరింగ్ పూర్తిచేసింది. వాగుడు ఎక్కువని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. ఊరికి మంచినీళ్లు పంపే కేంద్రంలో, నీళ్లు పరీక్షించే లేబులో ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. ఒక్కటే షరతు: చేరే రోజుకి పనిచేసుకునే అనుమతి చేతిలో ఉండాలి. అది లేకపోతే ఉద్యోగమూ లేదు, ఈ దేశంలో ఉండటమూ లేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర బావ ఆ సంగతే ఎత్తాడు.

"ఏం పిచ్చుకా, ఇక్కడ ఉండటానికి దారులెన్ని ఉన్నాయేంటి?"

"మూడు బావా. చదువైపోయినవాళ్లు సొంతంగా పెట్టుకునేది ఒకటి. అదొస్తే రెండేళ్లు ఎక్కడైనా చేసుకోవచ్చు. రెండోది, కంపెనీ వాళ్లే మన తరఫున పెట్టేది. ఆ కంపెనీ వదిలితే కాగితమూ వదిలేస్తుంది. మూడోది ఇంకో కోర్సులో చేరిపోవడం."

"ఇంకో కోర్సా! జుట్టు నెరిసేదాకా చదువుతూనే ఉంటావా?"

"నెరిస్తే రంగేసుకుంటా. నువ్వేసుకోవట్లా?"

బావ చెయ్యి ఠక్కున తలమీదికి పోయింది. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సరేలే, ఆ మొదటిది ఎప్పుడు పెడతావు?"

"తొంభై రోజులు టైముంది. వచ్చే శనివారం గౌను వేసుకుని పట్టా తీసుకుంటాం కదా, అక్కడ్నుంచి లెక్క. మా గ్రూపులో ఏడుగురమూ అదే అనుకున్నాం. తీరిగ్గా పెడతాం."

"అంతేగా మరి. పట్టా చేతికి రాకుండా చదువైపోయిందని ఎవరంటారు?" అన్నాడు బావ. మనవాళ్లకి అంతే. పరీక్షలు రాసినా, ఫలితాలు వచ్చినా, పట్టా పట్టుకుని ఫొటో దిగితేగానీ చదువు ముగిసినట్టు లెక్క కాదు.

మర్నాడు పొద్దున చెల్లెలు అద్దె గౌను తెచ్చి మిషను మీద పడేసింది. అది మరీ పొడుగు, కాళ్లకడ్డం పడుతోంది. అంచు మడిచి తాత్కాలికంగా నాలుగు కుట్లు వేద్దామని అక్క కూర్చుంది. బల్ల మీదున్న చెల్లెలి ఫైలు పక్కకి జరపబోతే, అందులోంచి రెండు కాగితాలు జారి పడ్డాయి. అనుమతి నిబంధనల కాగితం ఒకటి, కాలేజీ ఉత్తరం ఒకటి.

ఈ దేశపు భాష అక్క ఏ బడిలోనూ నేర్వలేదు. మందుల పొట్లాల మీద, పిల్ల టీకాల కార్డు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చింది. ఆ కార్డు ఆమెకి ఇంకో పాఠం కూడా నేర్పింది. పిల్ల నెలలు నిండకుండా పుట్టి మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉండిపోయింది. ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి వారాలు లెక్కపెట్టి తీసుకెళితే నర్సమ్మ మందలించింది: "లెక్క ఇంటికొచ్చిన రోజు నుంచి కాదమ్మా, పుట్టిన రోజు నుంచి." అప్పట్నుంచి ఏ కాగితం చూసినా అక్క ముందు వెతికేది ఒక్కటే, లెక్క ఎక్కడ మొదలైందని.

వేలు పెట్టి చదివింది. తొంభై రోజులు. ఎప్పట్నుంచి? చదువు పూర్తయిందని కాలేజీ రాతపూర్వకంగా తెలియజేసిన తేదీ నుంచి. గౌను మాట లేదు, పట్టా మాటా లేదు. కాలేజీ ఉత్తరం మీది తేదీ చూసి, గోడ మీది కేలండరు దించి ఒళ్లో పెట్టుకుంది. ఒకసారి లెక్కపెట్టింది. నమ్మకం కుదరక ఇంకోసారి పెట్టింది. మూడోసారీ అంతే వచ్చింది. ఆ రోజుకి ఎనభై ఆరు. శుక్రవారంతో సరి. శనివారం గౌను వేసుకునే సరికి గడువు దాటి ఒక రోజు.

"అక్కా, అయ్యిందా?" అంటూ పిచ్చుక వచ్చింది.

"గౌను తర్వాత. ముందు ఇది చదువు."

చెల్లెలు పైపైన చూసింది. "అబ్బా, ఇవన్నీ నీకెందుకక్కా? ఏడుగురు ఇంజనీర్లం తప్పూ, తొమ్మిదో క్లాసు నువ్వు రైటూనా?"

అక్క మొహం చిన్నబోయింది. ఇంకో రోజైతే వంటగది దారి పట్టేదే. ఈసారి కుర్చీలోంచి లేవలేదు.

"తప్పయితే జన్మంతా ఎగతాళి చెయ్యి, పడతా. ముందు కాలేజీకి ఫోన్ చెయ్యి. నా కళ్లముందు చెయ్యి."

చెల్లెలు విసుక్కుంటూ చేసింది. విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసావిడ ఎత్తింది. రెండు నిమిషాలయ్యేసరికి పిచ్చుక గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయింది.

"ఉత్తరం తేదీ నుంచేనటక్కా. శుక్రవారం ఆఖరట. అక్కా, నేనన్న మాట..."

"నీ నోటి సంగతి తీరిగ్గా చూస్తా. ఏమేం కావాలో చెప్పు."

పాస్‌పోర్టు ఉంది, ఉత్తరం ఉంది, బీమా కాగితం బీరువాలో దొరికింది. లేనిదల్లా తెల్లటి గోడ ముందు తీసిన ఫొటో. వీళ్ల గోడలన్నీ ఆకుపచ్చవి. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చిన బావ, అన్నం మాట మరిచి తెల్ల దుప్పటి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"కదలకు బావా, ముడతలు పడుతున్నాయి!"

"దుప్పటికా, నా మొహానికా?"

పిల్ల పాక్కుంటూ వెళ్లి దుప్పటి అంచు పట్టుకు లాగింది. నాలుగో ఫొటో కుదిరింది. దరఖాస్తులో ప్రతి గడీ చెల్లెలు పైకి చదువుతుంటే, పాస్‌పోర్టు మీద వేలు పెట్టి అక్క సరిచూసింది. నాలుగింటికి దరఖాస్తు వెళ్లింది. అందినట్టు రసీదు వచ్చింది.

అప్పుడు అక్క అంది: "మరి మిగతా ఆరుగురో?"

పిచ్చుక గ్రూపులో రాసింది: "గడువు శుక్రవారం. కనిపెట్టింది మా అక్క." ఆ సాయంత్రానికే ఇద్దరు ఫైళ్లు పట్టుకుని మెట్లెక్కారు. మర్నాడు ముగ్గురు. "అక్కా, నాది కూడా ఒకసారి చూడండి," అంటూ ఇంజనీర్లు మిషను చుట్టూ చేరారు. "ఈ బల్ల మీద పాంట్లకంటే పాస్‌పోర్టులే ఎక్కువయ్యాయి," అన్నాడు బావ. మాట వెటకారమే, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఐదుగురివీ గురువారం లోపలే వెళ్లాయి.

అయిదో వారంలో పిచ్చుకకి అనుమతి వచ్చింది. లేబులో చేరిన రోజు తెల్లకోటు వేసుకుని దిగిన ఫొటో పంపింది. అక్క దాన్ని టీకాలేసే నర్సమ్మకి చూపించింది, కూరగాయలమ్మే ఆవిడకి చూపించింది, పాంట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లకి అడక్కపోయినా చూపించింది. కాగితాల ఊసొస్తే ఇప్పుడు వంటగదిలోకి పోవడం లేదు. కుర్చీ ముందుకు లాక్కుంటోంది.

ఏడో పిల్ల మాత్రం దొరకలేదు. నవ్వు మొదలెడితే ఎక్కిళ్లు వచ్చేస్తాయని దాన్ని ఎక్కిళ్ల పిల్ల అనేవాళ్లు. పరీక్షలవగానే గది ఖాళీ చేసి వేరే ఊరు వెళ్లింది. ఫోన్ నంబరు మారింది. శనివారం పట్టా తీసుకోవడానికి కూడా రాలేదు. గడువు దాటినవాళ్లు కారణం చెప్పుకుని అరవై రోజుల్లో మళ్లీ అడగొచ్చని ఆఫీసావిడ చెప్పింది. ఆ అరవైలో ఇంకా మూడు వారాలు మిగిలే ఉన్నాయి. ఆ సంగతి దానికి తెలుసో లేదో.

మీ పక్క గదిలోనో, మీరెక్కే బస్సులోనో నవ్వుతూ ఎక్కిళ్లు పెట్టే పిల్ల కనిపిస్తే, ఆగి పలకరించండి. ఇప్పుడు నవ్వడం మానేసిందేమో కూడా, కాబట్టి దిగులుగా ఉన్నదాన్నీ పలకరించండి. తిన్నావా అని అడగండి. ఆ తర్వాత, నీ ఉత్తరం మీద ఏ తేదీ ఉందమ్మా అని అడగండి.