చింతపండుతో తోమిన కత్తి

ఎస్సై పిలిపిస్తే ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఒకప్పుడు మ్యూజియంలో జపాన్ కత్తులు పరిశీలించే ఉద్యోగం నాది.

నేతపనివాడు ఉరుకుందు ఇంట్లో, మగ్గం పక్కన మంచం మీద కత్తి ఉంది. అతని తాత బర్మా యుద్ధం నుంచి తెచ్చాడట. ఉరుకుందే వీధి కొట్లాట కోసం కొత్తగా చేయించాడని ఎవరో ఫిర్యాదు చేశారు.

"పాతదైతే మ్యూజియానికి పంపిస్తా. కొత్తదైతే కేసు. మీ మాటే రాసుకుంటా సార్," అన్నాడు ఎస్సై.

జపాన్ కమ్మరి తన పేరును పిడిలో దాగే ఇనుప కొస మీద చెక్కుతాడు. అక్కడి తుప్పును ఎవరూ ముట్టుకోకూడదు. కత్తి వయసు చెప్పేది అదే. పిడి తీశాను. కొస దేవుడి గిన్నెలా తళతళలాడింది.

"ఎవరు తోమినారు?"

"నేనేప్పా," అంది ఉరుకుందు తల్లి కస్తూరమ్మ. "పోయిన ఆయుధపూజకు పిడి ఊడొచ్చె. చింతపండేసి తోమి, కుంకుమ పెడ్తి. మురికిదాన్ని పూజలో పెడ్తామా?"

"నీ చింతపండు నన్ను జైలుకు తోల్తాదిమా," అన్నాడు ఉరుకుందు.

"నేనే పోతాలేరా. ఆడ గిన్నెలన్నా తోముతా."

నా భార్య బియ్యంలో రాళ్లేరిన భూతద్దం తీశాను. చెక్కిన గీతల్లో కుంకుమ గట్టిపడి ఉంది. చీపురుపుల్లతో కొంచెం కొంచెంగా తీశాను. అడుగున నల్లని తుప్పు. చింతపండు అంత లోతుకు పోలేదు. ఈమధ్య చెక్కినదైతే అక్కడ ఇనుము తెల్లగా ఉండేది.

తర్వాత ఫోనులో, ఆ గీతల్లో ఉన్న పేరుగల పెద్ద కమ్మరి అసలు సంతకం ఫొటో తెరిచి పక్కన పెట్టాను. ఆయన ఉలిని ఒక్క ఊపున లాగేవాడు. ఇక్కడ గీత ఆగి ఆగి నడిచింది, చూసి దించినట్టు. దొంగ సంతకం అంటే ఎస్సై చెవిలో ఆ ఒక్క మాటే మిగులుతుంది. అనకపోతే రేపు మ్యూజియంవాళ్లు అంటారు. అప్పుడు నా మిగతా మాట కూడా ఎవరూ నమ్మరు.

"కత్తి పాతది. సంతకం దొంగది," అన్నాను. "ఆ మోసమూ పాతదే. పెద్ద కమ్మరి పేరుంటే గిరాకీ అని అప్పట్లోనే ఎవరో చెక్కారు."

ఎస్సై కలం ఆగింది. ఉరుకుందు మగ్గం గుంజ పట్టుకున్నాడు.

"మా సీరలకు ఇంకో ఊరి పేరేసి అమ్మరా సార్," అంది కస్తూరమ్మ. "పేరు అబద్ధమైతే పాత సీర కొత్తదైతాదా?"

"పాతదే అని రాస్తాను," అన్నాడు ఎస్సై చివరికి. కత్తి అప్పగించినట్టు సంతకం పెట్టమన్నాడు. ఉరుకుందు చెయ్యి వణికి అక్షరాలు చెదిరాయి. పొద్దున వాంగ్మూలం కింద పెట్టిన సంతకాన్నీ దీన్నీ ఎస్సై పక్కపక్కన చూశాడు. రెండూ కలవలేదు.

"నీళ్లు తాగి ఇంకోసారి పెట్టప్పా," అంటూ తన కుర్చీ అతనివైపు జరిపాడు.