గురువమ్మ మెడలో కప్పతల్లి

వెంకటరమణమూర్తి ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు గానీ, బరంపురంలో ఆయన్నెరిగినవాళ్ళంతా పూసల మాస్టారనే అంటారు. హల్దియాపదర్‌లో ఆయన ఇంటి ముందుగదిలో రెండు టేకు పెట్టెలున్నాయి. వాటినిండా వేల ఏళ్ళనాటి ఈజిప్టు పూసలు. ఇసుకను కాల్చి నీలి మెరుగు పట్టించిన గొట్టపు పూసలు, పేడపురుగు బొమ్మలు, వేలిగోరంత దేవతలు. దొరల కాలంనాటి బంగళాలు చేతులు మారినప్పుడల్లా పాతసామాను వేలాలకు వెళ్ళి, ఒక్కొక్కటే కూడబెట్టుకున్నాడు. ఈజిప్టు మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు.

అన్నీ ఉన్నాయి, కప్ప లేదు. ఆ దేశంలో కాన్పు వేళ ఆడవాళ్ళను కాచే దేవతది కప్ప రూపం. వయసులో ఉండగా కలకత్తా వేలంలో అలాంటి తాయెత్తు ఒకటి చూశాడు. తీసుకుందామా వద్దా అని తటపటాయించేలోగా ఎవరో పట్టుకుపోయారు. ఇంటికొచ్చి పెట్టెలో మఖమలు గుడ్డ నడుమ దానికోసం ఒక గుంట చేసి ఉంచాడు. ఆ గుంట నలభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

ఈ వేసవిలో ఒక ఆదివారం గోపాల్‌పూర్ ఒడ్డున నడుస్తూ, ఎండుచేపలమ్మే ముసలామె మెడలో నల్లతాడుకు వేలాడుతున్నది చూసి నిలబడిపోయాడు. చింతగింజంత కప్ప. నీలం ఆకుపచ్చలోకి తిరిగింది. మూతి దగ్గర కాస్త అరిగింది.

“అదేమిటమ్మా?”

“ఇదా బాబూ? కప్పతల్లి.”

ఆమె పేరు గురువమ్మ. వాళ్ళ నాయనమ్మ దొరల బంగళాలో ఆయాగా పనిచేసేదట.

“మా అయ్య పుట్టినప్పుడు రెండ్రోజులు నొప్పులు పడిందట. దొరసాని సూడనేక తన మెళ్ళోది తీసి కట్టీసిందట. కట్టగానే కాన్పయిపోనాది. అప్పట్నుంచీ మా పేటలో ఏ ఆడదానికి నొప్పులొచ్చినా ఇదెల్లాల.”

మూర్తికి ఒళ్ళు జలదరించింది. ఆ దేవత పేరు ఈమెకెవరూ చెప్పలేదు. అయినా కప్ప ఎక్కడో ఎడారిలో మొదలుపెట్టిన పనిని ఇక్కడ జాలరిపేటలో చేస్తూనే ఉంది.

“నాకిస్తావా? ఏమడిగినా ఇస్తాను.”

“నాదొక్కదాన్దైతే కదా బాబూ! పేటంతటిదీని.”

వద్దన్నకొద్దీ ఆయనకు మనసు అటే లాగింది. ప్రతి ఆదివారమూ వెళ్ళి, సాకు కోసం చేపలు కొనేవాడు. మూర్తి ఇంట్లో చేప వండరు. “వాసన భరించలేకపోతున్నాను. ఆ కప్పేదో నాకు సవతైపోయింది,” అని ఆయన భార్య ఉమాదేవి నవ్వుతూనే విసుక్కునేది.

నాలుగో ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆయన అక్కడ ఉండగానే గురువమ్మకు ఫోనొచ్చింది. మనవరాలు పావని బరంపురంలో అత్తవారింట ఉంది. నెల ముందే నొప్పులొచ్చి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. గురువమ్మ లేవబోయి కూలబడింది. మోకాలు వాచి మడత పడడం లేదు. బండెక్కలేదు. ఒక్క క్షణం మూర్తి ముఖంలోకి చూసింది. తాడు విప్పి ఆయన చేతిలో పెట్టింది.

“నువ్వే అట్టుకెళ్ళు బాబూ. బేగెల్లు.”

స్కూటరు ఎండలో పరుగెత్తింది. చొక్కా జేబులో కప్ప. నలభై ఏళ్ళు కలవరించినది గుండెకు ఆనుకొని ఉంది. హల్దియాపదర్ రాగానే బండి ఇంటివైపు తిరిగింది. ఒక్కసారి, ఐదు నిమిషాలు, అనుకున్నాడు.

పెట్టె తెరిచి గుంటలో కప్పను పెట్టాడు. కొలిచి చేసినట్టు అమరింది. భూతద్దంలో చూస్తే పొట్టకింద సన్నగా చెక్కిన గీతలు కనిపించాయి. వాటిని చెక్కిన చెయ్యి ఎవరిదో, ఏ తల్లికోసం చెక్కిందో! ఆయనకు కళ్ళు చెమర్చాయి. గడియారం సంగతి మరిచిపోయాడు.

“ఏమండీ, అదెక్కడిది?” గుమ్మంలో ఉమాదేవి.

చెప్పాడు. ఆమె ముఖం మాడిపోయింది.

“అక్కడ పిల్ల నొప్పులు పడుతుంటే, మీరిక్కడ కూర్చుని బొమ్మ చూసుకుంటున్నారా?”

అప్పుడు చూశాడు టైము. ముప్పావుగంట దాటింది. గుంటలోంచి కప్పను పెకలించి పరుగెత్తాడు.

కాన్పుల వార్డు తలుపు దగ్గర సస్మిత అనే నర్సు ఆపి, ఒడియాలో అదేమిటని అడిగింది. “బెంగొ,” అన్నాడు. ఒడియాలో కప్పను అలాగే అంటారు. ఆయన తెలుగు చెవికి అది ‘బెంగ’ అని వినిపించింది. లోపలినుంచి పావని అరుస్తోంది: “కప్పతల్లి రానేదా? ఇంకా రానేదా?” నర్సు తాడందుకుని లోపలికి వెళ్ళింది.

సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆ అరుపు మూర్తి చెవిలోంచి పోలేదు.

మర్నాడు కప్పను తిరిగిచ్చేటప్పుడు గురువమ్మ ముందు తల దించుకున్నాడు.

“దారిలో ఇంటికెళ్ళాను గురువమ్మా. ముప్పావుగంట దగ్గర పెట్టుకుని చూశాను. నీ మనవరాలు దీనికోసం ఏడుస్తుంటే కూడా చూస్తూనే కూర్చున్నాను.”

ఆమె బుట్టలో చేపలు అటూ ఇటూ సర్దింది.

“తనివి తీరినాదా?”

“లేదు.”

“ముప్పై యేళ్ళు నీ ఇంట్లో ఉన్నా తీరదు బాబూ. నా మొగుడు సముద్రంలో పోయి ముప్పై యేళ్ళయినాది. దినం ఈ నీళ్ళే సూత్తన్నాను. నాకు తీరినాదేటి?”

మూర్తి ఇసుకలో ఆమె పక్కనే కూర్చున్నాడు. ఇస్తావా అని ఇక ఎన్నడూ అడగలేదు.

ఆషాఢంలో ఒక ఉదయం ఆయన ఫోను మోగింది.

“బాబూ, మా పేట దాలయ్య కోడలికి నొప్పులొచ్చి పెద్దాసుపత్రికి తీసుకెల్నారు. బండి తీస్తావా?”

“నన్ను నమ్ముతావా గురువమ్మా?”

“దీని మీద నీకెంత ఇష్టమో నాకు తెల్సు కదా. పోగొట్టవు. బేగి రా.”

వాన తుంపర పడుతోంది. గోపాల్‌పూర్ నుంచి కప్పను తీసుకుని తిరిగి వస్తుంటే హల్దియాపదర్‌లో ఇంటి మలుపు దగ్గర ఆయన కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. జేబును అరచేత్తో అదుముకున్నాడు. తడిసిన గుడ్డలోంచి గట్టిగా, చిన్నగా తగిలింది. కాసేపు అలాగే ఉండి, బండిని ఆసుపత్రి వైపు పోనిచ్చాడు.