గ్రౌండులో మూడు చుట్లు

"ఆ రోగమేందో పొయ్యేదాకా నువ్వు గ్రౌండుకు పోవాకు," అన్నాడు భర్త గిరిబాబు, పుష్పావతి పెనం మీద దోసె తిరగేస్తుండగా. "అసలే బలం లేని మనిషివి. నీ మంచికే చెప్తాండా."

అది 2009 ఆగస్టు. టీవీలో పొద్దస్తమానం స్వైన్ ఫ్లూ వార్తలే. వాళ్ల ఊరు పుంగనూరులో ఇంకా ఎవరికీ రాలేదు. "కాలు సరిగా లేనోళ్లకు నడకలు యాలమ్మా?" అంది అత్త సరోజమ్మ. ఆమె ఆ మాట నాలుగేళ్లుగా అంటూనే ఉంది.

పుష్పావతికి మూడో ఏట పోలియో వచ్చింది. ముప్పై ఏళ్లు వంగిన మోకాలితో, తొడ మీద చెయ్యి ఆనించి నడిచింది. మదనపల్లె డాక్టరమ్మ నెలల తరబడి వ్యాయామాలు చేయించి, కాలు చాపించి, మోకాలు వంగకుండా నిలిపే ఇనుప పట్టీల కాలిపర్ తొడిగించింది. "రోజూ చదును నేల మీద నడువమ్మా. మానితే మళ్లీ బిగుసుకుంటుంది," అని మరీ మరీ చెప్పింది. ఇంట్లో కాలిపర్‌తో పని జరగదు. కూరలు తరగాలన్నా, అంట్లు తోమాలన్నా కింద కూర్చోవాలి. అందుకే పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో వేసే మూడు చుట్లే ఆమె నిటారుగా ఉండే సమయం. ఆ ముప్పావుగంటలో మొగుడు, అత్త, పిల్లలు ఎవరూ ఆమెను పిలవరు. చెమట పడుతుంది, కానీ అది ఎవరి అన్నం కోసమో పట్టిన చెమట కాదు. మొదట్లో అక్కడ ఆడుకునే పిల్లలు ఆట ఆపి చూసేవారు. తర్వాత బంతి ఆమె వైపు వస్తే, "అక్కా, ఇట్లా తన్ను!" అని అరిచేవారు. ఒకసారి తన్నింది కూడా. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, ఆ ఒక్కటీ తనదిగా ఉండనిద్దామని.

ఆమె నడక ఆగింది. గిరిబాబు గురువారాల ప్రయాణం మాత్రం ఆగలేదు. బట్టల కొట్టుకు సరుకు తేవడానికి బెంగళూరు చిక్‌పేటకు పోతూనే ఉన్నాడు. సెప్టెంబరులో ఒళ్లు కాలిపోతూ దిగాడు. ఆ ఫ్లూయే కావచ్చని, వేరే గదిలో ఉంచమన్నాడు ఊళ్లో డాక్టరు.

"నాకు వయసైపోయినాది. పిలకాయలు ఆ గదిలోకి పోకూడదు," అంది సరోజమ్మ. "నువ్వే సూసుకోవల్ల."

బలం లేని మనిషన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తురాలేదు. పదకొండు రోజులు మంచం పక్కన నేల మీద కాలు మడిచి కూర్చుంది పుష్పావతి. వాంతులు ఎత్తింది, తడిగుడ్డ వేసింది, గంజి తాగించింది. అతను లేచాక ఆమెకు జ్వరం తగిలింది. ఆ జ్వరంతోనే రసం పెట్టింది.

దీపావళి ముందు ఒక పొద్దున కాలిపర్ బయటికి తీసింది. మోకాలు చాచుకోలేదు. పట్టీ బిగించబోతే నొప్పికి కళ్లు తిరిగాయి. మదనపల్లెలో డాక్టరమ్మ మోకాలు పట్టుకుని మెల్లగా చాపి చూసింది. "ఈసారి కాలు పూర్తిగా సాగదమ్మా," అంది చివరికి.

తిరిగొచ్చే బస్సులో గిరిబాబు కిటికీ వైపు తిరిగి, "నీ మంచికే గదా వద్దన్నాను," అన్నాడు. ఆ మాటకు ఏడవడానికి కూడా ఆమెలో ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున వాకిలి తీస్తుంటే సరోజమ్మ లేచింది. "యాడికి పోతాండావు? వాడికి కాఫీ ఎవురు పెడతారు?"

"ఆయన చేతులు బాగానే ఉండాయి గదత్తా," అంది పుష్పావతి.

తొడ మీద చెయ్యి ఆనించి, వంగి, వీధి మలుపు దాకా పోగలిగింది. అంతే. కాలు వణికి కల్వర్టు గట్టు మీద కూలబడింది. గ్రౌండు ఇంకా రెండు వీధుల అవతల ఉంది. పాలవాడు సైకిలు ఆపి, "ఇంటికాడ దింపల్లా అక్కా?" అన్నాడు.

"వద్దప్పా," అంది. ఊపిరి కుదుటపడేదాకా కూర్చుంది. తర్వాత లేచి, గ్రౌండు వైపే ఇంకో అడుగు వేసింది.